ఐదో మజిలీ కుడి బోల్టు

నేను ఒక బోల్టుని అనగానే మీరు మూతి విరుస్తారని నాకు తెలుసు. విరవండి, పర్వాలేదు. కుర్చీ కింద ఒకటి, ఫ్యాను పైన ఒకటి, బండి చక్రానికి నాలుగు చొప్పున మా జాతి మీ ఇళ్లలో ఎక్కడపడితే అక్కడ ఉంటుంది కాబట్టి మేమంటే మీకు చులకన. కానీ నేను ఇంటిపట్టున ఉండే రకం కాదు. నేలకు నూట ఇరవై మీటర్ల ఎత్తున, రాతి గోడ మీద, ఇరవై రెండేళ్లు మనుషుల్ని మోసినవాణ్ని. మీలో ఎంతమంది ఒకే చోట, ఒకే పని మీద, ఒక్క సెలవైనా పెట్టకుండా ఇరవై రెండేళ్లు ఉన్నారో చేతులెత్తండి చూద్దాం. ఎత్తరు, నాకు తెలుసు.

పుట్టింది లూధియానాలో, ఒక రేకుల షెడ్డులో. ఒక మిషను నన్ను కోసింది, ఇంకొకటి ఒంటిచుట్టూ మరలు తీర్చింది, ఆ తర్వాత జింకు తొట్టిలో ముంచి తీశారు. ఆ తళతళ చూసుకుని నేను వెండిముక్కనే అనుకున్నాను. కాదని ఎవరూ చెప్పలేదు కూడా. వేలెడు లావు, బెత్తెడు పొడుగు, కొసన చిన్న తొడుగు, అదీ నా ఆకారం. రాతిలో చిల్లు వేసి నన్ను దూర్చి పైన నట్టు బిగిస్తే, లోపల ఆ తొడుగు విచ్చుకుని రాతిని కరిచిపట్టుకుంటుంది. ఇక నలుగురు కలిసి లాగినా రాను.

యాభైమందిమి ఒక అట్టపెట్టెలో సికింద్రాబాదు రాణిగంజ్ చేరాం. మా అన్నదమ్ములు కొందరు ఏసీ స్టాండ్లకు పోయారు, కొందరు హోర్డింగులకు పోయారు, ఇద్దరు ఎవరింట్లోనో ఉయ్యాలబల్లకు పోయి సుఖపడ్డారని విన్నాను. నా నుదుట మాత్రం మురహరి సారు రాసి ఉన్నాడు.

అప్పటికి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేవాడు. కప్ప గుండె గురించి గంటసేపు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడగలడు కానీ, ఇనుము గురించి ఆయనకు తెలిసింది బహు తక్కువ. ఆదివారం వస్తే చాలు, తాడు భుజాన వేసుకుని గుట్టల వెంట పడేవాడు. కొట్లో నన్ను చేతిలోకి తీసుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఇది మనిషిని మోస్తదా?"

కొట్టాయన నా వైపు చూడను కూడా చూడలేదు. "లిఫ్టునే మోస్తది సార్, మనిషెంత?" అన్నాడు. నా బతుకు ఎటు పోవాలో ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

గుండ్లపోచారం ఊరవతల ముంతగుట్ట ఉంది. ముంత బోర్లించినట్టు మొత్తం ఒకటే రాయి, మొదలు నుంచి కొసదాకా నూట ఎనభై మీటర్లు. దాని తూర్పు ముఖం మీద ఒక దారి వేయాలని సారు పంతం పట్టాడు. దారి అంటే మెట్లు అనుకునేరు. వేళ్లు దూరే పగుళ్లూ బొటనవేలు ఆనేంత గరుకూ చూసుకుంటూ పైకి పాకడమే దారి. మొత్తం ఎత్తుకు సరిపోయే తాడు ఉండదు కాబట్టి మధ్యలో ఆరుచోట్ల ఆగాలి. ఆగే చోటును మజిలీ అంటారు. ప్రతి మజిలీలో పక్కపక్కన రెండు బోల్టులు, రెంటినీ కలుపుతూ ఒక గొలుసు ఉంటాయి. ముందెక్కినవాడు ఆ గొలుసుకు తనను కట్టేసుకుని, కిందివాణ్ని తాడుతో కాచుకుంటూ పైకి రప్పిస్తాడు. ఒక బోల్టుకు ఏమైనా అయితే రెండోది కాస్తుందని వాళ్ల ధైర్యం.

సారు మొదటి చిల్లు వేస్తుండగా కింద నుంచి ఎవరో పకపకా నవ్వారు. గుట్ట కింద రాళ్లు కొట్టుకుంటున్న వడ్డెర మనిషి, పల్లపు స్వరూప. పాతికేళ్లది, చేతిలో సుత్తె ఉంది.

"సారూ, అది గుల్లరాయి. ఆడ గొడితె పెంకు లేస్తది."

"నీకెట్ల తెలుసు?"

"సప్పుడు ఇనబడ్తలేదా?"

సారుకు వినబడలేదు. ఆమెకు వినబడింది, ఎందుకంటే వాళ్లింట్లో తాతల నాటినుంచీ రాతిని చెవితోనే చూస్తారు. సుత్తె తగిలితే గట్టి రాయి కణకణమంటుంది, గుల్లది డబ్బుమని మూలుగుతుంది. సారు మంచివాడే, ఒప్పుకోవాల్సిన చోట ఒప్పుకున్నాడు. ఆమె నడుముకు తాడు కట్టి పైకి తీసుకుపోయాడు. ఆమె కొట్టి చూపించిన చోటల్లా చిల్లు పెట్టాడు. అలా నెల తిరిగేసరికి ఐదో మజిలీ దాకా వచ్చారు.

ఐదో మజిలీలో ఇద్దరు పక్కపక్కన నిలబడేంత అరుగు ఉంది. దాని పైన చిల్లు పెట్టబోతుంటే స్వరూప అడ్డం వచ్చింది. "రాయి మంచిగనె ఉంది గని, ఈ నల్ల చార జూడుండ్రి సారూ. వానలైతె పై నుంచి నీళ్లు ఈడికే దిగుతయ్. మూరెడు ఎడమకు జరుపుండ్రి, పొడిగుంటది." సారుకు అరుగు మీద ముచ్చట కలిగింది. జరిపితే ఒక కాలు గాలిలో ఉంటుంది. "నీళ్లు నీళ్ల పని చేస్తయి, బోల్టు బోల్టు పని చేస్తది" అని నన్ను ఆ చార మీదే దిగ్గొట్టాడు. కుడిపక్క నేను, ఎడమపక్క నా జోడీ. మాకిద్దరికీ ఒకటే గొలుసు వేశారు, ఇక పెళ్లయినట్టే లెక్క. నా జోడీ ఇరవై రెండేళ్లలో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడేవాణ్ని నేనొక్కణ్ని చాలనుకుని ఉంటుంది.

దారి పూర్తయిన రోజున స్వరూప అడుగడుగునా "ఇంకెంత సారూ?" అనడం, సారు "ఇంకొంచెమే" అనడం. అలా ఆ దారికి ఇంకొంచెమే అని పేరు పడింది. పైకెళ్లాక ఆమె ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

ఆ తర్వాత జనం రావడం మొదలైంది. అబ్బో, ఎన్ని రకాలు! కింద నేల మీద ఉన్నంతసేపూ నా పేరైనా తెలియని పెద్దమనుషులు, ఐదో మజిలీకి వచ్చేసరికి నన్ను రెండు చేతులా పట్టుకుని ముద్దు పెట్టుకునేవారు. దేవుడంటే నమ్మకం లేదని మూడో మజిలీలో వాదించినవాడు నాలుగు దాటాక వెంకన్నకు తలనీలాలు మొక్కుకున్నాడు. ఒకడైతే నా మీద వేలాడుతూనే ఫోన్లో వాళ్లాఫీసుకు "ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా సార్, కదలడం లేదు" అని చెప్పాడు. కదలడం లేదన్న మాట ఒక్కటే అందులో నిజం. నేనేమీ అనుకోలేదు. వేలాడుతున్న మనిషి మీద కోపం తెచ్చుకోవడం మా వంశంలో లేదు.

ఈ ఎక్కేవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసి ఉండదు గానీ రాసిన చట్టాలకన్నా గట్టిది. దారిని మొదట ఎవరు వేశారో దానికి వాళ్లే పెద్ద. వాళ్లను అడగకుండా ఆ దారిలో కొత్త బోల్టు వేయకూడదు, పాతది తీయకూడదు, బెత్తెడు జరపకూడదు. మీరిన మనిషితో ఇంకెవరూ తాడు కట్టుకోరు. ఎక్కేవాళ్లకు అది వెలివేయడంతో సమానం. స్వరూపకు ఆ తాడే బతుకు. రాళ్లు కొట్టడం మానేసి, సారు దగ్గర ముళ్లు వేయడం నేర్చుకుని, వచ్చేవాళ్లను ఎక్కించడమూ ఏడాదికి రెండుసార్లు దారంతా చూసి రావడమూ ఆమె పని అయింది.

సారు కూడా ఏటా జనవరి ఆఖరి ఆదివారం వచ్చేవాడు. దారి వేసిన రోజు అది. నడుముకు స్పానరు కట్టుకుని, ఒక్కో మజిలీలో మా నట్లు పావుచుట్టు బిగించేవాడు. వదులై కాదు, ప్రేమకొద్దీ. "ఏరా, గట్టిగున్నవా?" అని నన్ను పలకరించి, నా నెత్తిన తట్టి, పావుచుట్టు తిప్పి పోయేవాడు. మనిషి ప్రేమ ఎప్పుడూ ఇంతే, ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వదు. ఏటా పావుచుట్టు చొప్పున మీ మెడ ఎవరైనా బిగిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పన్నెండో ఏట ఆయన ప్రేమ ఇంకాస్త ముదిరింది. నా మెడలో ఒక రేకు ఉంటుంది, హ్యాంగర్ అంటారు, గొలుసు కొక్కెం తగిలించేది దానికే. అది కాస్త తుప్పు పట్టింది. సారుకు తల కొట్టేసినట్టయింది. ఎక్కడినుంచో అద్దంలా మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు హ్యాంగర్లు తెప్పించి, పాతవి తీసి మా ఇద్దరి మెడలో కొత్తవి వేశాడు. మమ్మల్ని మాత్రం అలాగే ఉంచాడు. చినిగిన బనీను మీద కొత్త కోటు తొడిగినట్టన్నమాట. ఫోటో కూడా తీసుకున్నాడు. నేనూ ఎగిరిపడ్డాను. చెప్పొద్దూ, ఆ హ్యాంగరు నాకు బాగా నప్పింది.

పప్పులో కాలేసింది అక్కడే. ఒకటి మామూలు ఇనుము, ఇంకొకటి స్టెయిన్‌లెస్ స్టీలు. ఈ రెండూ తడిలో ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటే రెండోది మొదటిదాన్ని కొరుక్కుతింటుంది. కప్పల పాఠంలో ఈ సంగతి లేదు పాపం. పైన నల్లచార నుంచి ఏటా నాలుగు నెలలు నీళ్లు దిగుతూనే ఉన్నాయి. హ్యాంగరు మెరుస్తూనే ఉంది. దాని వెనక, ఎవరికీ కనబడని చోట, నా మెడ పొరలు పొరలుగా రాలిపోతూ వచ్చింది. పదేళ్లయ్యేసరికి పిసరంత మెడతో నిలబడ్డాను. నాకు నోరుంటే చెప్పేవాణ్ని అనాలనుంది కానీ, నిజం చెప్పనా? ఉన్నా చెప్పేవాణ్ని కాదేమో. అందరూ గట్టివాడు గట్టివాడు అని నెత్తిన తడుతుంటే, లోపల డొల్లయిపోయానని ఎవరు చెప్పుకుంటారు? సిగ్గేసింది.

ఇలా ఉండగా సారుకు అరవై ఏళ్లు వచ్చాయి. షష్టిపూర్తి అన్నారు. చుట్టాలు ఫంక్షన్ హాలు మాట్లాడబోతే ఆయన ససేమిరా అన్నాడు. "దండలు మార్చుకుంటే ఐదో మజిలీల మార్చుకుంట, లేకుంటే లేదు" అని భీష్మించుకున్నాడు. ఇదంతా అరుగు మీద కూర్చుని ఆయనే స్వరూపతో చెబుతుంటే విన్నాను. అందరూ ఆయన భార్య ఇందుమతమ్మ మొట్టికాయ వేస్తుందనుకున్నారట. ఆవిడ ఎన్నడూ గుట్ట మొహం చూసింది లేదు. ఆదివారం పొద్దున గేటు దగ్గర నిలబడి "ఆ మేకులు గట్టిగనే ఉన్నయా?" అని అడగడం, ఆయన "ఏనుగును వేలాడదీసినా కదలవు ఇందూ" అనడం, ఆవిడ గేటు వేసుకుని లోపలికి పోవడం, అంతే ఇన్నేళ్లూ. ఈసారి మాత్రం "వస్త. ముప్పై ఏండ్ల ఆదివారాలు యాడికి పోయినయో చూసొస్త" అందట. మూడు నెలలు స్వరూప దగ్గర చిన్న బండల మీద సాధన చేసింది. ఆవిడ కాలు ఆన్చితే సారుకన్నా బాగా ఆనుతుందని స్వరూప ఆయన మొహం మీదే చెప్పేసింది.

ఆ సంగతి విన్నాక నేను లెక్క వేసుకున్నాను. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లు ఒక్కొక్కరు, మహా అయితే ఇద్దరు. రాబోయే రోజున ఈ అరుగు మీద ముగ్గురు, మా ఇద్దరి గొలుసుకే. అందులో ఒకావిడ నా మీద నమ్మకంతో వస్తోంది. కాదు, నా గురించి భర్త చెప్పిన మాట మీద నమ్మకంతో వస్తోంది. ఆవిడకు ఏమైనా అయితే?

పండగకు పది రోజుల ముందు దారి చూసుకోవడానికి సారూ స్వరూపా వచ్చారు. ఆమె మజిలీ మజిలీకీ సుత్తెతో కొట్టుకుంటూ వచ్చింది. నాలుగు మజిలీల్లో కణకణమంది. ఐదోదాంట్లో నా జోడీ మీద కొట్టింది. డబ్. నా మీద కొట్టింది. డబ్. పోయినసారి ఆమె కొట్టినప్పుడు మేమింకా కాస్తో కూస్తో మోగాం. ఆమె మొహం మారిపోయింది.

"సారూ, ఇవి రెండు పోయినయ్."

"ఏం పోయినయ్? మెరుస్తున్నయ్ కద."

"మెరిసేది హ్యాంగరు. నేను జెప్పేది లోపటి సంగతి."

"స్వరూపా, రాయి గురించి నువ్వు చెప్తే వింట. ఇది రాయి కాదు, ఇనుము."

"ఇనుము రాయిలనే ఉంది గద సారూ."

సారుకు ఉక్రోషం వచ్చింది. తన నడుము తాడు మా గొలుసుకు తగిలించి, స్వరూప వద్దు వద్దంటున్నా రెండు కాళ్లూ గోడకు తన్ని వెనక్కి వాలి వేలాడాడు. ఒకసారి ఊగాడు కూడా. "చూడు. ఏమైంది?"

ఏమీ కాలేదు. నేను పట్టుకున్నాను. పళ్ల బిగువున పట్టుకున్నాను. పట్టుకుంటూనే నన్ను నేను తిట్టుకున్నాను. ఆయన్ని కాపాడటానికి పట్టుకోక తప్పదు, పట్టుకుంటే ఆయన మాటే గెలుస్తుంది. ఇంతకన్నా పాపిష్టి పరీక్ష ఉంటుందా?

"ఇవి నేను వేసినవి" అన్నాడు సారు అరుగు మీదికి వచ్చి. "నేను బతికున్నంతకాలం ఎవ్వరూ ముట్టొద్దు."

సారు తాడు పట్టుకుని కిందికి దిగడం మొదలుపెట్టాక స్వరూప ఒక్కతే కాసేపు అరుగు మీద ఉంది. గొలుసు మీద చెయ్యి వేసి, మనిషితో మాట్లాడినట్టు నాతో మాట్లాడింది. "నువ్వన్న జెప్పరాదే ఆయనకు" అంది. ఆ మాటకు నాకు కన్నీళ్లే ఉంటే కారేవి.

నాలుగో రోజు పొద్దున్నే ఆమె డ్రిల్లు మిషనుతో ఒంటరిగా వచ్చింది. నన్ను ముట్టలేదు, నా జోడీని ముట్టలేదు. నల్లచారకు ఇవతల, మూరెడు ఎడమగా, పొడిరాతి మీద కొట్టి చూసి, రెండు కొత్త బోల్టులు దింపి గొలుసు వేసింది. బోల్టూ హ్యాంగరూ రెండూ ఒకే జాతి స్టీలు. మధ్యమధ్య ఆగి, ఎవరైనా వస్తున్నారేమోనని కిందికి తొంగిచూసింది. ఎత్తుకు భయపడి కాదు. కట్టుబాటు దాటింది. ఈ సంగతి నలుగురికీ తెలిస్తే ఇక ఆమెతో ఎవరూ తాడు కట్టుకోరు.

షష్టిపూర్తి రోజు తెల్లారింది. గుట్ట కింద చుట్టాలంతా గొడుగులేసుకుని కూర్చున్నారు. సారు చెల్లెలు ఉప్మా వడ్డిస్తూనే ఏడుస్తోందట. పురోహితుడు ఎక్కనంటే ఎక్కనన్నాడు, ఫోన్లో మంత్రం చదువుతానని ఒప్పుకున్నాడు. ముందు స్వరూప ఎక్కింది, సంచిలో రెండు బంతిపూల దండలతో. ఐదో మజిలీకి వచ్చి తన కొత్త గొలుసుకు కట్టేసుకుని సారును పైకి రప్పించింది. ఆయన అరుగు మీద కాలు పెడుతుండగానే ఆయన్నీ దానికే తగిలించింది. ఊపిరి తీసుకుని తలెత్తి చూస్తే, ఎదురుగా తళతళలాడుతూ కొత్త బోల్టులు.

"ఎవడు వేసిండు ఇవి?"

"నేనే ఏసిన సారూ."

"నా దారిల? నన్నడగకుండ?"

"అడిగితె వద్దన్నరు గద. పాతయి ముట్టలె. మీ మాట తప్పలె."

సారు మొహం ఎర్రబడింది. నేను ఆయన్ని ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను, అంత కోపం ఎప్పుడూ చూడలేదు. కింద నుంచి ఇందుమతమ్మ కేక వినబడింది, నేనొస్తున్నానని. స్వరూప కొత్త గొలుసు మీది నుంచి తాడు లాగుతూ ఆవిడను కాచుకోవడం మొదలుపెట్టింది.

"ఆ తాడు తీసి నా గొలుసుకు వెయ్యి" అన్నాడు సారు.

"ఎయ్య."

"స్వరూపా, ఈ దారి నాది."

"దారి మీదే సారూ. పానం అమ్మది. రేపటి సంది నాతోని ఎవలు తాడు గట్టకున్నా మంచిదే, నేను మాత్రం అమ్మను గా పాతదానికి గట్ట."

సారు "నీకు చూపిస్త" అని నడుమున వేలాడుతున్న స్పానరు అందుకుని నా నట్టుకు తగిలించాడు. కోపంలోనూ ఆయనకు అలవాటు పోలేదు, నా నెత్తిన ఒకసారి తట్టాడు. "ఏరా, గట్టిగున్నవా?" అని పావుచుట్టు తిప్పాడు.

టప్ మన్నాను.

కావాలనే విరిగావా అని మీరు అడగవచ్చు. ప్రమాణం చేయమంటే చేయను. పదేళ్లుగా పట్టుకుని పట్టుకుని విసిగిన మెడ, ఆ పావుచుట్టు దగ్గర ఇక చాలనుకుంది. హ్యాంగరూ, నట్టూ, నా పైసగమూ సారు చేతిలోకి ఊడివచ్చాయి. కిందిసగం రాతిలోనే ఉండిపోయింది. పట్టు తప్పి ఆయన వెనక్కి పడ్డాడు. రెండడుగులు పడి ఆగాడు. ఆపినవి స్వరూప వేసిన బోల్టులు.

ఆయన అరుగు మీద లేచి నిలబడి అరచేతిలో నన్ను చూశాడు. మెరిసే హ్యాంగరు వెనక నల్లగా, పొరలు పొరలుగా, పెన్సిలు ములుకంత మిగిలిన నా మెడను చూశాడు. గోటితో గీకితే రాలింది. ఇంతలో అరుగు అంచున రెండు చేతులు పడ్డాయి, చెమటతో మెరిసిపోతూ ఇందుమతమ్మ పైకి వచ్చింది. స్వరూప ఆవిడను కొత్త గొలుసుకు కట్టేసింది. ఆవిడ నవ్వుతూ భర్త వైపు తిరిగి, ఆయన చేతిలో ఉన్నది చూసింది.

"ఏందిది?"

స్వరూపే చెప్పింది, కట్టె విరిచినట్టు, రెండు మాటల్లో.

ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. చూస్తుండగానే ఆవిడ కళ్లు నిండిపోయాయి. "దీని మీదనా మీరు ఇన్నేండ్లు వేలాడింది? ప్రతి ఆదివారం నేను గేటు కాడ అడిగేది దీని గురించేనా? ఏనుగును మోస్తదని చెప్పింది ఇదేనా?" అంది. "నాకెంత భయమయ్యేదో మీకు తెలుసా? మీరు అంత గట్టిగ చెప్తుంటే, భయపడుడు నాదే తప్పేమో అనుకున్న."

సారు తల వంచుకున్నాడు. "నాకూ తెల్వదు ఇందూ" అన్నాడు. "తెలుసనుకున్న."

కింద నుంచి పురోహితుడు ఫోన్లో హలో హలో అంటున్నాడు. స్వరూప బంతిపూల దండలు తీసింది. సారు చెయ్యి చాచాడు. ఇందుమతమ్మ తన దండను మోచేతికి తగిలించుకుని కదలకుండా నిలబడింది.

"ముందు స్వరూపకు చెప్పేది చెప్పండి. తర్వాత దండ."

నూట ఇరవై మీటర్ల ఎత్తున, అరుగు మీద, పారిపోయే దారి లేని చోట అడిగింది. తెలివిగల మనిషి. సారు నా కేసి చూశాడు, గుట్ట కేసి చూశాడు, చివరికి స్వరూప కేసి చూశాడు. "తప్పు నాది" అన్నాడు. "నీ చెవి కరెక్టు. అన్ని మజిలీలవి తీసెయ్. అందరికీ నేనే చెప్త, స్వరూప నాకు చెప్పే చేసింది, నేనే వినలేదు అని."

"దండలు మార్చుకోండ్రి సారూ, పూలు వాడిపోతున్నయ్" అంది స్వరూప.

మరుసటి ఆదివారం మొదలుపెట్టి నెల రోజుల్లో పన్నెండు బోల్టులూ మార్చేశారు. స్వరూప తీస్తుంటే సారు బకెట్టు పట్టుకున్నాడు. నా జోడీకి స్పానరు కూడా అక్కర్లేకపోయింది, స్వరూప హ్యాంగరు పట్టుకుని ఊపితే చేతిలోకి వచ్చేసింది. అంటే ఆ రోజు ఒకటి పోయినా రెండోది కాస్తుందన్న ధైర్యం కూడా ఉత్తదే. సారు దాన్ని అందుకుని, వెనక్కి తిప్పి చూసి, బకెట్లో వేసుకున్నాడు.

ఇప్పుడు నేను ఎక్కేవాళ్ల సంఘం గదిలో, ఒక టేబులు మీద ఉంటున్నాను. అక్కడ ఒక పుస్తకం ఉంది, జిల్లాలో ఉన్న దారులన్నీ అందులో రాస్తారు. కిటికీ గాలికి కాగితాలు లేవకుండా నన్ను బరువు పెడతారు. కొత్తవాళ్లు వస్తే సారు నన్ను వాళ్ల చేతికిస్తాడు. అందరూ ఒకటే అంటారు, అబ్బ, ఎంత మెరుస్తుందో అని. "వెనక్కి తిప్పి చూడండి" అంటాడాయన. తిప్పి చూస్తారు, గోటితో గీకి చూస్తారు. "వేసింది నేనే" అంటాడు. మొదట్లో ఆ మాట చెప్పడానికి ఆయనకు చాలా కష్టమయ్యేది. ఇప్పుడు ఫర్వాలేదు, కాస్త సాగదీసి కూడా చెబుతున్నాడు.

మొన్న పుస్తకంలో ఇంకొంచెమే పేజీ తీశారు. ఆ పేజీలో, దారికి పెద్ద ఎవరు అన్న గడిలో సారు తన పేరు కొట్టేసి పెన్ను స్వరూపకు ఇచ్చాడు. ఆమె వద్దంది. ఆయన వినలేదు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, నన్ను పక్కకు జరిపి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. పేరు రాయడం అయ్యాక ఆగుతుందనుకున్నాను. ఆగలేదు, ఆ గడి దాటి పక్క గడిలోకి కూడా పోయింది. సారు వంగి చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఆమె రాసింది ఇదీ:

"పల్లపు స్వరూప. నా బోల్టుల మీద ఎవరికి అనుమానం వచ్చినా తీసెయ్యుండ్రి. నన్ను అడగొద్దు."